కత్తెరతో కోసిన గోతాలు

నా చిన్నప్పుడు చిలకలూరిపేటలో మాది గోతాల కొట్టు. మిరపకాయలకూ పత్తికీ కావలసిన గోనెసంచులు అమ్మేవాళ్లం. బేరమాడటం మా ఇంటి గాలిలోనే ఉండేది. జ్వరం మాత్ర మింగమంటే సగం ఇప్పుడు, మిగతా సగం బెల్లంముక్క చేతిలో పడ్డాక అని మా అమ్మతో తేల్చుకున్నదాన్ని నేను. నా అంత తెలివైన పిల్ల బజారులో లేదని పదేళ్లకే నాకు గట్టి నమ్మకం.

మా వెనక వీధిలో మిలిటరీ బాబాయ్ అని ఒకాయన ఉండేవాడు. యుద్ధంలో ఒక కాలు పోయాక భార్యాబిడ్డలతో అక్కడొక అద్దె గదిలో దిగాడు. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు. అందుకని మా తాతయ్య, మిర్చి కొట్లవాళ్లు, పత్తి మిల్లువాళ్లు, పరుపులు కుట్టే సాయిబుగారు కలిసి ఒక మాట అనుకున్నారు. చిరిగిన గోతాలు ఎవరివైనా సరే ఆయన దగ్గరికే పంపాలి. ఆయన గుమ్మంలో కూర్చుని దబ్బనంతో, పురికొసతో కుట్టేవాడు. ఆ ఇంట్లో పొయ్యి దానిమీదే వెలిగేది.

కూలీలు గోతాలు గుమ్మం ముందు పడేసి వెళ్లేవాళ్లు, కుట్టినవి ఎత్తుకొచ్చేవాళ్లు. ఆయనతో రెండు మాటలాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు. లేని కాలు వంక చూడాల్సొస్తుందని భయం కూడానేమో. నేనైతే ఆ గుమ్మం దాటేదాకా తల ఎత్తేదాన్ని కాదు.

మిర్చి సీజను అయిపోయి వానలు మొదలయ్యేసరికి చిరిగిన గోతాలు తగ్గిపోయాయి. పని లేదని ఆయన భార్య మా అమ్మతో చెప్పుకోవడం విన్నాను. నా బుర్ర ఊరుకుంటుందా. మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుండగా పది మంచి గోతాలు తీసి, ఒక్కోదానికి కత్తెరతో ఒక్కో కోత పెట్టి, కూలీ చేత పంపించాను.

ఎలుక కొరికినా, కొక్కెం తగిలి చిరిగినా గోతం అంచు పీచులు పీచులుగా లేస్తుంది. నా కోతలు గీత గీసినట్టున్నాయి. గోతాల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని, నాకా మాత్రం తట్టలేదు.

సాయంత్రం చంకకర్రల మీద ఆయనే వచ్చాడు, గోతాలు మెడమీద వేసుకుని. కుట్టకుండానే కొట్టు ముందు దించి, వెనక్కి తిరిగాడు. మర్నాటినుంచి ఆ తలుపు మూసే ఉంది. ఎవరి గోతాలూ ముట్టలేదు. నాలుగో రోజు ఆయన భార్య వచ్చి, ఇంట్లో గింజల్లేవని, ఆయన మాట్లాడటమే మానేశాడని ఏడ్చింది.

నేనే కోశానని తాతయ్యకు చెప్పాను. కొట్టలేదు. చెయ్యి పట్టుకుని బాబాయ్ గదికి తీసుకెళ్లాడు. మాటల్లో తాతయ్యను మించినవాడు బజారులో లేడు గనక, ఏదో చెప్పి ఒప్పించేస్తాడని ధీమాగా నడిచాను. తలుపు తీశాక, జరిగింది నా చేతనే చెప్పించి, తాతయ్య నేలమీద చతికిలబడి ఊరుకున్నాడు. అంతే. చాలాసేపు. చూరునుంచి వాన కారుతోంది. వెళ్దామని నేను చొక్కా లాగితే నా చెయ్యి తీసేశాడు.

చివరికి బాబాయే అన్నాడు. "ఆరు నెలలుగా గోతాలొస్తున్నాయి పెద్దయ్యా. మనిషి రావడం ఇదే."

తాతయ్య తల దించుకున్నాడు. "తప్పు పిల్లది కాదయ్యా, మాది."

తర్వాత బాబాయ్ ఆ పది గోతాలూ తెప్పించి, దబ్బనం నా చేతికిచ్చాడు. ఐదు నేను, ఐదు మీరు అని బేరం పెట్టాను.

"కోసేటప్పుడు నన్ను వాటాకి పిలిచావా అమ్మాయ్?" అని నవ్వాడు. ఆ నవ్వు విని ఆయన భార్య లోపల్నుంచి తొంగిచూసింది.

ఆ వానాకాలమంతా సాయిబుగారు పరుపు గుడ్డలు తెచ్చి, ఆయన పక్కనే కూర్చుని ఇద్దరూ కుట్టేవాళ్లు. తాతయ్య రోజూ వెళ్లేవాడు. మిగతావాళ్లు కూలీలనే పంపారు. బజారంతా మారిపోయిందని చెబితే, అలవాటు కొద్దీ నేను సరుకు గొప్ప పెంచి చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు మా వర్తక సంఘం, మాజీ సైనికుల సంఘం కలిసి జవాన్ల కుటుంబాలకు నెలనెలా సరుకులు అందిస్తున్నాం. పోయిన నెల అద్దంకి అవతల ఒక పల్లెలో, భర్త పోయిన అమ్మాయి ఇంటికి వెళ్లాం. మావాళ్లు సంచులు దించి, ఫొటో తీయించుకుని కారెక్కారు. నేను మోకాళ్ల నొప్పులని చెప్పి అరుగుమీద కూర్చున్నాను. ప్రతి ఇంటి దగ్గరా ఆడే అబద్ధమే అది. ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చి దూరంగా నిలబడింది. నేను గ్లాసు పక్కన పెట్టి అలాగే కూర్చున్నాను. కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది. బయట మావాళ్లు హారను కొడుతూనే ఉన్నారు. కొట్టనిచ్చాను.