శొంఠి రేకు వెనక

జహీరాబాద్‌లో పండుగకో పెండ్లికో బిస్కెట్లు కావాలంటే చాలా ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ దుకాణానికి పోరు. ఇంట్లో పిండి కలుపుకుని, రేకుల్లో పేర్చి, బేకరీ వెనక ఉన్న కట్టెల భట్టీకి తీసుకెళతారు. కాల్చినందుకు కూలి ఇచ్చి ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు.

మా కూతురి ఒడిబియ్యానికి వచ్చే చుట్టాలకు ఈసారి మిఠాయి డబ్బాలు కాదు, తన చేతి బిస్కెట్లే పెడతానని నా భార్య అందరికీ చెప్పేసింది. అవీ మైదా బిస్కెట్లు కావు. జొన్నపిండి, కాస్త గోధుమపిండి, నెయ్యి, బెల్లం, ఏలకులు, లవంగాలు, అన్నిటికీ మించి శొంఠి. మొగుడంపల్లిలో ఆమె తమ్ముడి చేనులో పండిన అల్లాన్ని మిద్దె మీద తనే ఎండబెట్టి, తనే దంచింది. దంచుతుంటే పక్కింటాయన తుమ్ముకుంటూ వచ్చాడు.

"ఏం వదినా, గల్లీ మొత్తానికి సర్ది మందు చేస్తున్నవా?"

"నీ ముక్కుకే చేస్తున్న, కూసో," అంది.

ఒడిబియ్యానికి ముందురోజు పొద్దున ఆమె వెనక రేకులు మోసే పని నాది. భట్టీ దగ్గరి పెద్ద మాస్టర్ గుడ్డ ఎత్తి వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది నడవది అక్కా. శొంఠి వాసన భట్టీకి పట్టుకుంటది. దీని వెనక ఎవరి రేకు పెట్టినా శొంఠే కొడతది. వాళ్ళు నన్ను ఊకుంటరా? అందరివి అయినంక ఆఖర్ల పెడత."

"ఆఖర్ల భట్టీ సల్లారిపోతది గద భాయ్! జొన్నపిండి సరిగ కాలకుంటే నోట్ల పచ్చిపచ్చిగ తగుల్తది. రేపు చుట్టాల ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఇద్దరి మాటా నిజమే. ఏళ్ళ తరబడి పేపర్లో రెండు పక్షాల వాదనా రాసి ఊరుకోవడం అలవాటైన నేను అప్పుడూ ఊరుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"పేపర్ల అంతంత రాస్తివి. జర ఇప్పుడు నోరు తెరువు!"

నేను తెరిచేలోపే, వరుసలో మా వెనక తన రేకుతో కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది. బుర్ఖా చేతిని పైకి లాక్కుని, మా పిండి అంచు చిటికెడు గిల్లి నాలుక మీద వేసుకుంది.

"లవంగం గూడ ఏసినవా బేటీ?"

"ఏసిన ఖాలా."

ఆమె మాస్టర్‌ను చూసింది. "రొట్టెలు తీసినంక దీన్నే పెట్టు. దీని వెనక నాది పెట్టు. వాసన పడితే నా బిస్కెట్లకు పడతది, నీకేం ఫికర్?"

"తర్వాత నన్ను తిట్టొద్దు అమ్మా."

"తిట్టాలంటే శొంఠి లేకుండ గూడ తిడత!"

రొట్టెలు బయటికొచ్చాయి, మా రేకులు లోపలికెళ్ళాయి. కాసేపటికి బెల్లం కాగిన వాసనతో కలిసి శొంఠి ఘాటు సందులోకి వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూశారు. మాస్టర్ రేకు బయటికి లాగగానే నా భార్య వేళ్ళు కాలుతున్నా ఒకటి తీసి విరిచింది. టక్కుమంది. సగం ముసలామెకు ఇచ్చింది.

తర్వాత ఆ ముసలామె రేకు వచ్చింది. తెల్లటి చక్కెర బిస్కెట్లు. ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. మాస్టర్ ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాడు.

"శొంఠి రాలె గని, శొంఠి దంచినోళ్ళ ఇంటి ముంగటికెళ్లి పోయినట్టుంది. మంచిగుంది భాయ్."

మర్నాడు చుట్టాలకు పెట్టిన పళ్ళేలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఊరికి పోయేటప్పుడు కొందరు అడిగి మరీ పొట్లాలు కట్టించుకున్నారు.

మొన్న రంజాన్‌కు ముందు మళ్ళీ రేకులు మోసుకెళ్ళాను. భట్టీ దగ్గర మనుషులు కిటకిటలాడుతున్నారు. ఆఖరి వంతుకు సిద్ధపడే వెళ్ళాం. మాస్టర్ మమ్మల్ని దూరం నుంచే చూసి చెయ్యెత్తాడు.

"రా అక్కా, జల్ది రా! మా రేకులు శొంఠి రేకు వెనకనే పెట్టమని వీళ్ళంత పొద్దుగాల్నుంచి కూసున్నరు."

పేపర్లో నా పేరు మొదటిసారి అచ్చయిన రోజు కూడా నేనంత నిటారుగా నడవలేదు. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు ముందుకెళ్ళి, అందరికీ కనబడేలా, కాస్త నెమ్మదిగానే, రేకు మీది గుడ్డ తీసింది.