మా పెళ్లి నోటీసుకు తగిలిన దిష్టి

గ్రేస్‌ది కెన్యా, చదువు జర్మనీలో. సెలవులకు మా ఊరొచ్చింది. మా పెళ్లి రిజిస్టరైతేనే భార్యగా తనకు ఇక్కడ వీసా వస్తుంది. ముందుగా మా ఫొటోలతో నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసు బోర్డు మీద నెల రోజులు ఉండాలి. ఈ రోజు వెళితే బోర్డు ఖాళీ. నెల మళ్లీ మొదలన్నారు. గ్రేస్ వీసా ఈ వారంతో సరి.

ఇంటికొచ్చి మా మేనత్తకు చెప్పుకుని ఏడ్చాను.

"నేనే సింపీసినాన్రా. ఒచ్చినోడల్లా పిల్ల మొకమే సూస్తన్నాడు. దిష్టి తీసి పొయ్యిలో ఎట్టీసినాను."

"కొంప ముంచీసినావే అత్తా!"

"నా కోడలికి దిష్టి తగిల్తే నువ్వు తీస్తావేటి?"

నిన్నటిదాకా గ్రేస్ పేరెత్తితే విసురుగా లేచి వెళ్లిపోయిన మనిషి.

తెలిసినవాళ్లు చెప్పండి. బంధం నిజమేనని రుజువడిగే వీసావాళ్లు ఆ పొయ్యిలో బూడిద తీసుకుంటారా?