పెళ్లి కాలేదని చెప్పాను

బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎంత బరువో ఎత్తినవాళ్లకే తెలుసు. నా భుజం నొప్పి నాకు ఇంటి మనిషి లాంటిది. దాని గురించి అందరికీ చెప్పుకుంటాను, నవ్విస్తూ చెప్పుకుంటాను. ఇంకో బరువుంది. ఏళ్లుగా మోస్తున్నాను. దాన్ని మా ఆయనకు చెప్పలేదు. కొండ మీద దేవుడికీ సరిగ్గా చెప్పలేదు. అక్కడ నిలబడనిస్తే కదా, నోరు తెరిచేలోపే జరగండి జరగండి అని తోసేస్తారు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే మేలు. ఇందులో పేర్లు మాత్రం మార్చాను.

అయినా నన్ను పూర్తిగా నమ్మకండి. నేనైతే ఎవర్నీ నమ్మను. ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత నేను చదివిందల్లా జనం బట్టలే. ఏ ఇంట్లో మొగుడు బయట తిరుగుతున్నాడో, ఎవరికి కొత్తగా ఉద్యోగం వచ్చిందో, ఎవరిది ఊడిందో, మూట విప్పితే తెలుస్తుంది. అనుమానం నా పనిలో ఒక భాగమైపోయింది.

మా తిరుపతిలో, అలిపిరి వైపు పోయే రోడ్డు పక్క వీధిలో నా బండి. ఆ వీధి కుర్రాళ్లకు సంబంధం వస్తే ఆడపిల్ల తరఫు వాళ్లు ముందు ఇంటికి వెళ్లరు. టీ అంగడికి వస్తారు, తర్వాత నా దగ్గరికి వస్తారు. మగపిల్లాడి గుణం ఇస్త్రీ ఆమెకు తెలియకుండా ఉండదని వాళ్ల నమ్మకం. నేను మంచోడంటే తాంబూలాలు పుచ్చుకున్నారు. నేను మూతి తిప్పితే బస్సెక్కి పోయారు. నా మాట ఎప్పుడూ తప్పు కాలేదు. ఆ పేరు చూసుకుని నాకెంత పొగరో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గిరి, ప్రసాద్ మా వీధిలో ఒక మిద్దె మీద గదిలో ఉండేవాళ్లు. గిరిది సత్యవేడు పక్క పల్లె, ఇక్కడ బట్టల షాపులో పని. ప్రసాద్ కరెంటు పనులు చేసేవాడు. గదిలో కలిసుండే మగపిల్లలు బట్టలు ఎవరివి వాళ్లు తెస్తారు, ఎవరి లెక్క వాళ్లది. వీళ్లవి మాత్రం ఒకే దుప్పట్లో, ఒకే మూటగా వచ్చేవి. గిరి చొక్కా మర్నాడు ప్రసాద్ ఒంటి మీద కనపడేది. నేను ఊరుకుంటానా? "ఏమప్పా, మీ ఇద్దర్లో వంట ఎవురిది, అలిగేది ఎవురు?" అని అడిగేదాన్ని. మొదట్లో నవ్వేవాళ్లు. తర్వాత తర్వాత ప్రసాద్ నవ్వేవాడు కాదు. అది కూడా కనిపెట్టాను. కనిపెట్టీ మానలేదు.

ఒకసారి మూటలో రెండు కొత్త పట్టు పంచెలు, రెండు కండువాలు వచ్చాయి. కొండ మెట్లెక్కి వచ్చారట. పట్టు కదా అని పైన పల్చటి గుడ్డ వేసి, పెట్టె ఆనించబోయి ఆగిపోయాను. రెండు కండువాలకూ ఒక్కో చివర మెలి. మెలి చుట్టూ పసుపు మరక. ఎన్నో పెళ్లిళ్ల బట్టలు ఇస్త్రీ చేశాను నేను. కొంగుముడి వేసిన గుడ్డ ఎలా నలుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఎప్పుడూ ఒక చీర చెంగుకూ ఒక కండువాకూ ఉంటుంది. ఇక్కడ రెండూ కండువాలే. విదిలిస్తే పసుపు బియ్యపు గింజ ఒకటి బల్ల మీద పడింది.

నాకు అర్థమైంది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పకుండా వాళ్లు పెళ్లి చేసుకున్నారు. నేనేం చేశాను? నీళ్లు చల్లి, గట్టిగా అదిమి, ఆ మెలిని సాపు చేశాను. అలా ఎందుకు చేశానంటే పని కాబట్టి అంటాను. నిజమేనా? దాన్ని చూడ్డం నాకు ఇష్టం లేక కాదా?

తర్వాత కొన్నాళ్లకు గిరి ఒక్కడే వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. బట్టల్లేవు చేతిలో.

"అక్కా, మా నాయన సంబంధం సూసినాడు. చిత్తూరు పక్క. వద్దంటే ఉరేసుకుంటానంటా ఉండాడు. వాళ్లు విచారించేదానికి నీకాడికి వస్తారు. నా గురించి సెడ్డగా సెప్పక్కా. తాగుతాడని సెప్పు."

"నువ్వు టీ గూడా తాగవు గదరా. ఏం తాగుతాడని సెప్పేది, మజ్జిగా?"

అతను నవ్వలేదు. "ఏదో ఒకటి సెప్పు. నీ మాటంటే ఇంటారు."

"ప్రసాద్ సంగతి సెప్పమంటావా?" అన్నాను, తమాషాగానే.

అతని మొహం పాలిపోయింది. "అది మాత్రం వద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

సరే పో అన్నాను. సరే అన్నాను, గుర్తుపెట్టుకోండి.

పిల్ల తల్లి వచ్చింది. పొలం పని చేసిన చేతులు. మెళ్లో పసుపుతాడు తప్ప ఇంకేం లేదు. భర్తను టీ అంగడి దగ్గర ఉంచి, తను నా దగ్గరికి వచ్చింది. ఆడదానికి ఆడదే నిజం చెబుతుందని కాబోలు.

"ఏం పాపా, గిరి అనే పిల్లోడు ఎట్లాంటోడు?"

"బంగారమట్లా పిల్లోడుక్కా."

"తాగుడు గీగుడు?"

"ఆ వాసనే తెలీదు."

"ఇంతకు ముందు యాడైనా పెండ్లి, సంబంధం, అట్లాంటిదేమన్నా ఉండాదా? మాది పేద ఇల్లు. పిల్ల మళ్లీ తిరిగొస్తే తట్టుకోలేం. ఉండేది ఉన్నట్టు సెప్పు తల్లీ."

నా చేయి పెట్టె మీద ఉంది. ఒక్క క్షణం ఆగిందనే అనుకుంటాను. ఆగలేదేమో కూడా.

"అట్లాంటిదేమీ లేదుక్కా. పెండ్లే కాలేదు."

ఆమె నా గడ్డం పట్టుకుని, చేతిని కళ్లకద్దుకుని వెళ్లింది.

ఎందుకు చెప్పాను అలా? తాగుతాడని చెబితే, టీ అంగడివాడు కాదంటాడు, అప్పుడు నా మాటకున్న పేరు పోతుందని భయపడ్డానా? నిజం చెబితే, ఇదంతా నీకెలా తెలుసు, తెలిసీ ఇన్నాళ్లూ నవ్వుతూ బట్టలెందుకు తీసుకున్నావని వీధి అంతా నన్నే గుచ్చి చూస్తుందనా? పెళ్లయితే కుర్రాడు దారిలో పడతాడని నిజంగానే నమ్మానా? ఇందులో ఏది పట్టుకున్నా నేను కొంచెం మంచిదానిలా కనిపిస్తాను. అందుకే వీటన్నిటి మీదా నాకు అనుమానం. లోపల ఇంకొకటుంది. ఆ ఇద్దరి పెళ్లిని నేను పెళ్లిగా లెక్కపెట్టలేదు. పిల్లలు బొమ్మలకు చేసినట్టు అనుకున్నాను. లెక్కలోకి రానిదాన్ని దాచడం అబద్ధమెలా అవుతుందని అనుకున్నాను.

గిరి పెళ్లయింది. ఆ వారం ప్రసాద్ చిన్న మూట తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈసారి నా ఒక్కడివే అక్కా" అన్నాడు. నేను జోకు వెయ్యలేదు. అతను సూళ్లూరుపేట వైపు ఏదో ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. గిరి నా దగ్గరికి రావడం మానేశాడు. నా బండి ముందునుంచి పోవాల్సొస్తే నేల చూస్తూ పోతాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

లలిత మాత్రం ఇద్దరి బట్టలూ నా దగ్గరికే తెచ్చేది. గిరి పెళ్లాం. కలుపుగోలు పిల్ల, నా మాటకు మాట అప్పజెప్పేది. పోనుపోను మాటలు తగ్గాయి. ఆమె బట్టలు అతని బట్టలతో కలిసి రావడం మానేశాయి. నన్ను ఒక్కోసారి అదోలా చూసేది. ఏం వెతుకుతోంది నా మొహంలో? ఇప్పుడు ఆమె చిత్తూరు పక్క పుట్టింట్లో ఉంది. మొగుణ్ణి నిలుపుకోవడం చేతకాలేదని, ఒంట్లో ఏదో లోపమని ఊరంతా ఆమెనే అంటోంది. వాళ్లమ్మ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది. ఆమె నన్ను తిట్టదు. నిజంగా తెలియకే తిట్టడం లేదా, లేక నా అంతట నేను ఎప్పుడు బయటపడతానా అని చూస్తోందా? ఫోన్ మోగితే చెయ్యి తడి లేకపోయినా చీరకు తుడుచుకుంటాను.

ఆ మధ్య ఢిల్లీ పెద్ద కోర్టు తీర్పు వచ్చింది. మగవాళ్లు మగవాళ్లు, ఆడవాళ్లు ఆడవాళ్లు చేసుకునే పెళ్లికి ఇప్పుడున్న చట్టంలో చోటు లేదు, ఇవ్వాలంటే పార్లమెంటే ఇవ్వాలి అన్నారట. పేపరు పట్టుకుని నా బండి దగ్గరే వాదన. మా వీధి రిటైర్డు సారు నన్నడిగాడు, "నువ్వేమంటావమ్మే? సేసుకోవచ్చునా, కూడదా?"

"సేసుకోనీండి సార్. ఇంటికి రెండు జతలు ప్యాంట్లే వస్తే నాకు సులువు. చీర మడత పెట్టలేక సస్తా ఉండా."

అందరూ పగలబడి నవ్వారు. నేను నిజంగానే సేసుకోనీండి అన్నానని ఒక్కరికీ తట్టలేదు. తప్పు వాళ్లది కాదు. నా నోటికి నేను నేర్పిందే అది.

కాని ఆ తీర్పు విన్నప్పుడు మొదట నాకేమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. చూశావా, అది పెళ్లే కాదట, నేను అబద్ధమాడలేదట అనుకున్నాను. ఆ హాయికే నాకు భయం వేసింది. చట్టం ఉండి ఉంటే ఆ ఇద్దరి పెళ్లి ఎక్కడో నమోదయ్యేది. గిరి వాళ్ల నాయనతో 'నాకు పెళ్లయిపోయింది' అని చెప్పగలిగేవాడేమో. ఇస్త్రీ ఆమె కాళ్లు పట్టుకునే గతి పట్టేది కాదు. లలిత తల్లి నన్ను అడగాల్సిన పనే ఉండేది కాదు. నేను మాత్రం మంచిదాన్ని అయ్యేదాన్నా? అనుమానమే. కాని నా అబద్ధం పట్టుబడేది. ఇప్పుడది ఎవరికీ దొరకదు. చట్టమే దాన్ని దాచిపెడుతోంది.

లలిత పుట్టింటికి పోయే రోజు తన చీరలు తీసుకోవడానికి వచ్చింది. చీరలు సంచిలో సర్దుకుని, కదలకుండా నిలబడింది.

"అక్కా, నీకు ముందే తెలుసునా?"

"నాకేం తెలుసమ్మా, నాకు తెలిసేది మడతలే" అన్నాను.

సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

నిజం చెబితే లలిత మీద పడ్డ నింద పోతుంది. అదే నిజం గిరిని, ప్రసాద్‌ను వీధిలో నిలబెడుతుంది. ఆ సాకుతో ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. కాని లలిత అడిగింది వాళ్ల సంగతి కాదు, అది ఆమెకు ఎలాగో తెలిసిపోయింది, అడిగింది నా సంగతి. దానికి జవాబు చెబితే ఎవరి గుట్టూ బయటపడదు, నాది తప్ప. రేపు ఆమెకు ఫోన్ చేస్తానో లేదో నాకు తెలీదు. చేస్తానని మాటిస్తే మీరు నమ్మకండి. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. 

తెలుసు, లలితా. తెలిసే లేదన్నాను.