అడుగు కదిలితే లేచే గాలి

అరవైల తొలినాళ్ళలో ఒక వేసవి. కోస్గి దగ్గర మా ఊళ్ళో, మోటబావిలో పూడిక తీయడానికి దిగిన రైతు అడుగున కూలిపోయాడు. తాడు లాగితే శవం వచ్చింది. ఒంటి మీద గాయం లేదు. తెల్లవారేసరికి అది బాణామతి, అంటే చేతబడి అని ఊరు తీర్పు చెప్పింది. ముందురోజు అతనితో గొడవపడిన ముసలి నేతగాడి మీద నేరం పడింది.

మంత్రగాడి పళ్ళు ఊడబెరికితే మంత్రం పలకదని మా వైపు నమ్మకం. ముసలివాణ్ణి బావిగట్టు మీద గుంజకు కట్టారు. చింతబరికెలతో వీపు చీల్చారు. చనిపోయినవాడి అన్న పటకారు తెచ్చాడు.

పట్నం కాలేజీలో వాదపోటీలు గెలిచి సెలవులకు వచ్చిన నేను అడ్డంగా నిలబడ్డాను. సముద్రం గురించి మా భూగోళం మాస్టారు చెప్పింది గుర్తుంది: తీరాన గాలి పైనీళ్ళను నెట్టేస్తే అడుగునీళ్ళు పైకి లేస్తాయి. లోతున కుళ్ళినవాటి నుంచి పుట్టిన బొగ్గుపులుసు వాయువు వాటితోపాటు వచ్చి ఆకాశంలో కలుస్తుంది.

"కాకా, ఆగు. సముద్రంల ఉన్నట్టే బావిలనూ చెడుగాలి ఉంటది. అది మనిషిని సంపుతది, దీపాన్ని ఆర్పుతది. కందిలి దింపుత. ఆరిపోతే తాతను ఇడిసిపెట్టాలె."

"ఆరకపోతేనో, కాలేజీ దొరా?"

"ఆరుతది."

కందిలి దించాను. నీళ్ళకు జానెడు ఎత్తున అది నిశ్చలంగా వెలిగింది.

"నీ సముద్రం గింతేనారా!" అని ఎవరో నవ్వారు. నన్ను పక్కకు తోసేశారు. పటకారు బిగిసింది. ఒక పన్ను వచ్చింది. ముసలివాడి అరుపు ఆగకముందే రెండోది వచ్చింది.

అప్పుడు తట్టింది. రాత్రి గాలికి బావి తేరుకుంది. అడుగు కదిలితేనే వాయువు లేస్తుంది. ఫలితాన్ని వాదించి, షరతును మరిచిపోయాను.

"నాయినా, మోట అడుగుదాక దింపు!" అని అరిచాను. మా నాయిన ఎవరినీ అడగకుండా ఎడ్లు కట్టాడు. మోట పూడికను ఈడ్చి పైకొచ్చేసరికి నీళ్ళు బుడగలెత్తాయి, కంపు కొట్టింది. మళ్ళీ కందిలి దించాను. నీళ్ళకు నిలువెత్తు పైనే ఆరిపోయింది. వెలిగించి దించాను. మళ్ళీ ఆరింది.

చనిపోయినవాడి అన్న చేతిలోంచి పటకారు జారింది. "నేనే దింపిన వాణ్ని. రానంటే తిట్టి దింపిన," అంటూ రాతిగట్టుకు తల బాదుకున్నాడు. నలుగురు పట్టుకున్నా నెత్తురు వచ్చేదాకా ఆగలేదు.

నేను కట్లు విప్పాను. ముసలివాడు నెత్తురు ఉమ్మి నా వైపు చూశాడు.

"మోట ముందుగాలనే దింపకపోతివి, బిడ్డా."

నాయిన తలపాగా విప్పి అతని నోటికి అదిమిపట్టాడు.