చిప్ప లోపలి వెన్ను

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కొత్త బావిలో నీళ్ళు పడితే, చెరువు నుంచి ఒక తాబేలును తెచ్చి అందులో వదిలేవారు. పురుగూ పుట్రా తిని నీళ్ళను శుభ్రంగా ఉంచుతుందని. దాన్ని ఇంటి కోడలే ఒడిలో పెట్టుకుని మోసుకురావాలి. పెనుకొండ కొండ కనిపించేంత దూరంలో ఉండేది మా ఊరు. మా బావి తవ్వినప్పుడు ఆ తాబేలును మా అమ్మ మోసుకొచ్చింది. అప్పటికి మా తమ్ముడు ఆమె కడుపులో ఉన్నాడు.

అప్పట్లో నాకు డైరీ రాసే అలవాటు లేదు. అందుకే ఏది ఏ తేదీన జరిగిందో చెప్పలేను. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో మాత్రం బాగా గుర్తుంది.

తమ్ముడికి ఐదేళ్ళు వచ్చేదాకా నాతో సమానంగా పరుగెత్తాడు. ఆ తర్వాత వాడి వీపు మధ్యలో చిన్న బొడిపె లేచింది. చూస్తుండగానే అది గూని అయింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, దానికి కారణం ఎక్కడా వెతకలేదు. "తాబేలు ఎక్కింది బిడ్డ మీద. కడుపుతో ఉండే మనిషి ఒళ్ళో పెట్టుకొని మోస్తే ఎక్కకుండా యాడికి పోతాది?" అనేది. ఆ రోజు అమ్మను చెరువుకు పంపింది అవ్వే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు. మా బావి నీళ్ళు తాగడం మాత్రం మానేసింది. తనకొక్కదానికి ఊరి బావి నుంచి వేరే కడవ తెచ్చుకునేది. మిగతా ఇల్లంతా ఆ తాబేలు ఉన్న బావి నీళ్ళే తాగేది.

ఎక్కినదాన్ని దించాలి కదా. రోజూ పొద్దుగూకే వేళ తమ్ముణ్ణి బోర్లా పడుకోబెట్టి, ఆముదం రాసి, వేడి ఇటుకను గుడ్డలో చుట్టి గూని మీద పెట్టి అవ్వ నొక్కేది. ఆమెకు వాడంటే ప్రాణం. నొక్కుతూ నొక్కుతూ తనూ ఏడ్చేది. వాడు అరిచే అరుపులకు మా ఎనుము గాట్లో మేత వదిలేసి తల ఎత్తి చూసేది. కాళ్ళు పట్టుకోవడం నా పని. కొన్నాళ్ళకు ఆ కాళ్ళు తన్నడం తగ్గింది. వీడు అలవాటు పడుతున్నాడని అనుకున్నాం.

అటువంటి రోజుల్లో మా చిన్నమామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. ఎక్కడో ఉత్తరాదిన రాళ్ళ మధ్య తిరిగే ఉద్యోగం. నాగపూర్ వైపు నల్లరాళ్ళ పొరల్లో, ఏనాడో చచ్చి రాయిగా మారిపోయిన తాబేళ్ళు దొరుకుతాయట. వాటిని వెతికి, అతికించి, తాబేలు తాబేలుగా ఎలా మారిందో తెలుసుకోవడమే ఆయన చదువు. ఆ మాట విని మా ఊరివాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు. అవ్వ అయితే ముఖం మీదే అడిగింది, "ఏమప్పా, బతికిండే తాబేళ్ళు చాల్లేదా నీకు?" అని.

మామ వచ్చిన సాయంత్రమే ఇటుక కాలింది. తమ్ముడి అరుపు విని ఆయన వంటింట్లోంచి లేచి వచ్చాడు. అవ్వ చెయ్యి పట్టుకుని ఆపలేదు, గట్టిగా మాట్లాడలేదు. పక్కన కూర్చుని, వాడి మెడ దగ్గర నుంచి కిందికి ఒక్కొక్క పూసనే వేళ్ళతో తడుముతూ వచ్చాడు. రాళ్ళను కూడా అలాగే తడిమేవాడేమో, కళ్ళు మూసుకున్నాడు. గూని దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత అరికాళ్ళు గోకి చూశాడు. తమ్ముడికి తెలియనే లేదు.

మరునాడు పొద్దున్నే కొండవాలు నుంచి ఒక ఎండిన తాబేలు చిప్పను తెచ్చాడు. మా అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి నన్ను అడిగాడు. "చెప్పు పాపా, తాబేలును దీంట్లోంచి బయటికి తీస్తే ఏమొస్తాది?"

"సన్నటి తాబేలు," అన్నాను. చిప్ప అంటే దాని ఇల్లు అనే అనుకునేదాన్ని.

మామ చిప్పను తిరగేశాడు. నేను అంతవరకు తాబేలు చిప్పను లోపలి వైపు నుంచి చూడలేదు. మా మిద్దెకు దూలం ఉన్నట్టు, నడిమధ్యన వెన్నెముక ఒకటి పొడవునా అతుక్కుని ఉంది. దానికి అటూ ఇటూ, దూలం మీద అడ్డంగా దంతెలు పరిచినట్టు పక్కటెముకలు. మూత అనుకున్నది మూత కాదు. తాబేలు వీపే అది.

"దీన్ని తీయాలంటే తాబేలును చంపాల," అన్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగాడు. "అత్తా, నేను డాక్టరును కాదు. వీడి వీపు మీద ఏదీ ఎక్కలేదు. లోపల ఒక పూస నలిగిపోయిండాది. మీరు నొక్కేది గూనిని కాదు, వీణ్ణే."

అవ్వ చిప్పను చేతిలోకి తీసుకుంది. "సచ్చిన తాబేళ్ళకు వైద్యం చేసేటోడివి, మాకు చెప్పొచ్చినావు," అంది కాని చిప్పను కింద పెట్టలేదు. కాసేపయ్యాక, "మరి మామూలు ఎముకలు ఇట్ల చిప్ప ఎట్లయినాయి?" అని అడిగింది. మామ తెలియదన్నాడు. సగం చిప్ప ఉన్న తాబేలు ఎక్కడో రాయిలో ఉండి తీరాలి, అది తనకే కాదు, ఇంకా ఎవరికీ దొరకలేదు, చూడకుండా ఎట్లా చెప్పేది అన్నాడు. తెలిసిన చోట తెలుసని, తెలియని చోట తెలియదని ఒకే గొంతుతో చెప్పిన పెద్దమనిషిని నేను అదే మొదటిసారి చూడడం. బహుశా ఆ రెండో మాట వల్లే అవ్వ మొదటి మాటను నమ్మింది.

ఆ సాయంత్రం ఇటుక కాలలేదు. రెండు రోజులకు నాయనా మామా తమ్ముణ్ణి భుజాన వేసుకుని పెనుకొండలో బెంగళూరు రైలెక్కారు.

ఎముకల క్షయ అని చెప్పారట. నెల దాటాక తిరిగి వచ్చినప్పుడు వాడికి చంకల నుంచి నడుము దాకా సున్నపు గోడలా గట్టి పట్టీ వేసి ఉంది. ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. ఈసారి నిజంగానే తాబేలయినాడని ఎవరో అన్నారు కూడా. వాడికి అదంతా ఆట. నన్ను పిలిచి పొట్ట మీద తట్టమనేవాడు. నేను తట్టి "ఎవరుండారు లోపల?" అంటే, "ఎవురూ లేరు, చేనికి పోయినారు," అనేవాడు. నొప్పి లేకుండా వాడు నవ్వింది ఆ కొన్ని వారాలే.

ఎండలు ముదిరాక జ్వరం వచ్చింది. మందులు ఇస్తూనే ఉన్నాం. జబ్బు అప్పటికే తలకెక్కిందని తర్వాత తెలిసింది. నేను తట్టినా వాడు జవాబు చెప్పని రోజు వచ్చింది.

చివరి స్నానం చేయించేముందు ఆ పట్టీని కోసి తీసేయాలని పెద్దలు అన్నారు. కత్తి కూడా తెచ్చారు. అవ్వ అడ్డంగా కూర్చుంది. "తీయగాకండి. అది వాని మీద ఉండేది కాదు, వాని వీపే అది," అంది. ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. అది సున్నపు పట్టీయే అని, తీస్తే వాడికి ఏమీ కాదని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మామ. ఉత్తరాది నుంచి బయల్దేరిన ఆయన ఆ వేళకు ఇంకా దారిలోనే ఉన్నాడు. వాణ్ణి దాంతోనే పూడ్చారు.

ఆ సాయంత్రం అవ్వ మా బావి మెట్లు దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మకు అందించింది. "తప్పు నీది కాదు మే," అంది. అమ్మ చెంబు పట్టుకుంది కాని తాగలేదు. ఆ తర్వాత కూడా ఆమె ఆ నీళ్ళు తాగగా నేను చూడలేదు. వచ్చిన మాట నిజమే కాని, అది ఆలస్యంగా వచ్చింది.

ఎన్నో ఏళ్ళకు, ఉద్యోగం విరమించి హిందూపురంలో స్థిరపడ్డాక, ఒక రోజు పత్రికలో తాబేళ్ళ గురించి చదివాను. చైనాలో దొరికిన ఒక పురాతన తాబేలుకు పొట్ట కింద చిప్ప ఉందట, వీపు మీద పూర్తి చిప్ప లేదట. రాయిలో ఉండి తీరాలని మామ అన్న సగం చిప్ప తాబేలు అదే. ఆయన అప్పటికి లేడు. ఆ రాత్రి డైరీలో ఆ వార్త రాసుకుని, దాని కింద మా అవ్వ అడిగిన ప్రశ్నను కూడా రాశాను.

ఎవరి కష్టానికైనా ఎవరైనా చటుక్కున కారణం చెబితే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ముందు తిరగేసి చూడాలనిపిస్తుంది. ఇప్పుడు నా వీపు కూడా వంగింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి మొదటి రోజు నా నడుము మీద అరచెయ్యి వేసి నొక్కబోయింది. ఆపాను. ముందు మెడ దగ్గర నుంచి ఒక్కొక్క పూసనే తడిమి చూడమ్మా అన్నాను. ఆమె వేళ్ళు కిందికి దిగుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.