బుట్టలో లేని ఆడ పురుగు

పోయిన వారం ధర్మసాగర్ దగ్గర ఒక పత్తి చేలో కట్టిన లింగాకర్షక బుట్టను ఈ రోజు రైతుల ముందు విప్పి చూపించాను. ఆడ పురుగు వాసన ఉన్న చిన్న ఎర పెడితే మగ పురుగులు వచ్చి చిక్కుకుంటాయి. యూనివర్సిటీ ఉద్యోగంలో నేను ఊరూరా చెప్పే పాఠమే ఇది.

చేను యజమాని రాజవ్వ లోపలికి తొంగి చూసింది.

"మరి ఆడదేది సారూ?"

"లేదవ్వా. వాసన ఒక్కటే."

"ఎవలో పిలుస్తాండ్రని ఉరికొచ్చినయా? అయ్యో, పాపం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం హనుమకొండలో నా గది తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. చెప్పులైనా విప్పకుండా ఆత్రంగా ఎత్తాను. "నమస్కారం, మీ కోసమే ఒక ప్రత్యేక ఆఫర్" అంటూ రికార్డు చేసిన ఆడగొంతు.

చివరిదాకా విన్నాను. మీలో ఇంకెవరైనా వింటారా, నేనొక్కడినేనా?