తొట్టి మీద నుంచి లేవలేదు

హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో నేను ప్యాకింగు పని చేస్తాను. ఈ రోజు రామప్ప మిషను మీద చేసిన ఇనుప ప్లేట్లకు ఐదు రంధ్రాలున్నాయి, కంప్యూటర్లో ఉన్న డ్రాయింగు బొమ్మలో నాలుగే. సూపర్‌వైజరు రామప్ప మాట వినకుండా అందరి ముందూ తిట్టి, తొట్టెడు ప్లేట్లూ స్క్రాపులో పారేయమన్నాడు. పొద్దున ఆ బొమ్మ గీసే అమ్మాయి రామప్పకు ఏదో కాగితమివ్వడం నేను చూశాను. నాకు ప్రతిదానికీ భయమే. అయినా వెళ్ళి ఆ తొట్టి మీద కూర్చున్నాను.

"లెయ్ అవ్వా! కంప్యూటర్ తప్పు చెప్తాదా?" అన్నాడు సూపర్‌వైజరు.

"బొమ్మ గీసిన పాపను పిలువప్పా. అంతవరకూ లెయ్యను."

ఆ అమ్మాయి వచ్చి నాలుక కరుచుకుంది. "ఐదో రంధ్రం వెయ్యమని రామప్పకు నేనే కాగితమిచ్చినా సార్. కొత్త బొమ్మ అందరికీ కనపడేట్టు కంప్యూటర్లో పబ్లిష్ చేసేది మర్చిపోయినా. మీరు చూస్తాండేది పాతది."

"సరే, ఇంక లెయ్ అవ్వా."

"ముందు రామప్పకు తప్పయిందని చెప్పు."

సూపర్‌వైజరు గొణిగాడు. అందరికీ వినపడేట్టు చెప్పేదాకా నేను కదల్లేదు. రేపు నన్ను పనిలో ఉంచుతాడో లేదో తెలీదు. మీరైతే లేచేవాళ్ళా?